క్యాసెట్టు అట్ట మీద గొల్లభామ

పోయిన సోమవారం పొద్దున, బడిలో ప్రార్థన ముగిసి పిల్లలు వరుసగా తరగతుల్లోకి పోతుండగా అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ మామ పోయిండు. పొద్దుగాల చాయ తాగిండు, గోడకు ఒరిగి కూసున్నడు, గంతే" అంది. "ఆగమాగం రాకు, బస్సు చూసుకొని నిమ్మళంగ రా" అని తనే పెట్టేసింది.

నేను కోహెడలో టీచర్ని. మామ అంటే అమ్మకు తోడబుట్టిన తమ్ముడు. నాన్న లేని లోటు తెలియకుండా పెంచాడని రాయడం ఇలాంటి చోట ఆనవాయితీ, కానీ అది అబద్ధమవుతుంది. లోటు తెలిసింది. తెలిసిన ప్రతిసారీ పక్కన ఈయన ఉన్నాడు. ఆ కృతజ్ఞతతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సిద్దిపేట బస్సులో పక్క సీటాయన ఫోన్లో పాటలు పెట్టుకున్నాడు. నేను ముప్పై ఏళ్ళ కిందటి జీపులు గుర్తు చేసుకున్నాను. డ్రైవరు ముందు అద్దం కింద క్యాసెట్లు ఇటుకల్లా పేర్చి ఉండేవి. ఎక్కినవాళ్ళు "గా పసుపుది పెట్టరాదు", "గా నీలంది పెట్టు" అని అడిగేవారు. పాట పేరు ఎవరికీ అక్కర్లేదు. ఆ పసుపులూ నీలాలూ చాలావరకు మా మామ చేతివి. ఆ సంగతి జీపులో ఎవరికీ తెలియదు, నాకు మాత్రం తెలుసు. చెబుదామని నోటిదాకా వచ్చేది, సిగ్గుతో ఊరుకునేదాన్ని.

మామది మొదట చీరలకు డిజైన్లు గీసే పని. మా సిద్దిపేట గొల్లభామ చీర మీద బొమ్మ పడాలంటే ముందు గళ్ళ కాగితం మీద పడాలి. తల మీద కుండ, చేతిలో కర్ర, విచ్చుకున్న పావడా, అన్నీ చిన్న చిన్న గళ్ళే. గడికి ఒక దారం లెక్క. నేతగాడు ఆ కాగితం చూసుకుంటూ నేస్తాడు. మామ చదివింది నాలుగో తరగతి. చదువులో ఆయన చూపు నిలవలేదు గానీ, గళ్ళ కాగితం మీద ఒక్క గడి తప్పితే అరుగు మీద నుంచే కనిపెట్టేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే, "గళ్ళు నింపుతనే పొద్దు గూకుతుంది, ఇంక సంసారం యాడ చేస్త" అని నవ్వేవాడు.

మా నాన్న బొంబాయి దగ్గరి భీవండిలో మరమగ్గం మీద పని చేస్తూ జ్వరంతో పోయాడు. అప్పుడు నాకు అయిదేళ్ళు. అమ్మ నన్ను చంకనేసుకొని తమ్ముడింటికి వచ్చింది. రాట్నం ముందు కూర్చొని నేతకు కావలసిన కండెలు చుట్టేది, చుట్టినంతసేపూ పాడేది. ఆమె పాట ఆగిందంటే దారం తెగిందని అర్థం.

ఎనభైల చివరికొచ్చేసరికి చీరల పని సన్నగిల్లింది. మిల్లు చీరలు దిగాయి, మా వాడలో సగం మంది మగవాళ్ళు భీవండి బాట పట్టారు. మామ గళ్ళ కాగితాల కట్ట ముందు ఈగలు తోలుకుంటూ కూర్చున్న రోజుల్లోనే పాత బస్టాండు దగ్గరి క్యాసెట్ల షాపు సేటు మా ఇంటికి వచ్చాడు. పట్నం నుంచి తెచ్చి అమ్ముకోవడం కాకుండా, మన చుట్టుపక్కల పాడేవాళ్ళవీ కథలు చెప్పేవాళ్ళవీ తనే క్యాసెట్లు వేయాలనుకున్నాడు. వాటి డబ్బాలో పెట్టే అట్టకు బొమ్మలు గీసేవాడు కావాలి. మామ ఎన్నడూ క్యాసెట్టు కొన్నవాడు కాదు. అయినా సేటు మాట పూర్తి కాకముందే ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్న మర్నాడు పెన్సిలు పట్టలేదు. సేటు షాపుకు పోయి ఒక మూల స్టూలు వేసుకొని పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ చూడటమే పని. సేటుకు చిర్రెత్తుకొచ్చింది. "అన్నా, నువ్వు కొనవ్, పోవ్. ఏం సంగతి?" అన్నాడు.

"సేటూ, నీ గిరాకి క్యాసెట్టు మొకం చూస్తలేడు. అంచు చూసి గుంజుతుండు" అన్నాడు మామ.

"క్యాసెట్టుకు అంచేందన్నా?"

"పేర్చినంక కనబడే గా సన్న పలక ఉన్నది సూడు, గదే అంచు. చీరల దుకాణంల ఎట్లనో గీడ గట్లనే. మడత పెట్టిన చీర మొత్తం ఎవరు చూస్తరు? అంచు నచ్చితేనే కొంగు ఇప్పుమంటరు."

ఆనాటి నుంచి మా ఇంట్లో క్యాసెట్టు అట్టకు చీర పేర్లే స్థిరపడ్డాయి. పక్కన కనబడే సన్న పలక అంచు. బొమ్మ ఉండే ముందు భాగం కొంగు. లోపలికి మడిచే ముక్క కుచ్చిళ్ళు. చివరికి స్క్రీన్ ప్రింటింగ్ ప్రెస్సాయనకు కూడా ఇదే భాష అంటుకుంది. "అన్నా, కొంగు మీద ఎరుపు ఇంకా ఆరలె" అని కబురు పంపేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ప్రెస్సు కాదు, చీరల షాపు అనుకొని తిరిగిపోయేవారు.

మామకు బొమ్మ వచ్చు గానీ అక్షరం వంకర. అందుకని అట్టల మీద పేర్లు రాసే పని ఇంటర్ చదువుతున్న నాది. మొట్టమొదటి అట్ట బెజ్జంకి దిక్కు నుంచి వచ్చే ఒగ్గు కథ ఆయన చెప్పిన మల్లన్న కథది. ఆయన డోలు కొడుతుండగా ఫోటో తీయించి, దాన్ని చూసి గళ్ళ మీద బొమ్మ వేశాడు మామ. ఆయన తలపాగా మడతలతో సహా దిగింది. అచ్చయిన మొదటి అట్ట పట్టుకొని ఒగ్గాయన మా ఇంటికే వచ్చాడు. కోపంతో వచ్చాడో నవ్వుతో వచ్చాడో మొదట మాకు అర్థం కాలేదు.

"ఏమయ్యా, నేనెన్నడు పుర్రచెయ్యితోని కొట్టిన?" అన్నాడు.

చూస్తే నిజమే. బొమ్మలో డోలు పుల్ల ఎడమ చేతిలో ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో మామకు వెంటనే తెలిసింది, చెవులు ఎర్రబడ్డాయి. మగ్గం మీద మావాళ్ళు చీరను బోర్లా నేస్తారు, కింది వైపు అసలు ముఖం. కాబట్టి డిజైను కాగితం మీద ఎడమ కుడిగా, కుడి ఎడమగా వేయాలి. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్న చెయ్యి, అట్ట మీద కూడా మనిషిని తిరగేసి పెట్టింది. అచ్చయినవి అచ్చయిపోయాయి, సేటు మళ్ళీ వేయనన్నాడు. ఆ ఏడు జాతరల్లో జనం క్యాసెట్టు చేత్తో పట్టుకొని, "గీయన గాయన కాదు, బొమ్మల ఉన్నాయనది పుర్రచెయ్యి" అని వాదించారట. వాళ్ళ నోళ్ళు మూయించడానికి ఒగ్గాయన కథ మొదట్లో నాలుగు దెబ్బలు ఎడమ చేత్తో కొట్టడం అలవాటు చేసుకున్నాడు. తర్వాత తర్వాత అది ఆయన ప్రత్యేకత అయి కూర్చుంది.

ఆ తప్పుకు నవ్వుకుంటూనే మామ ఒక మాట అనేవాడు: "ఎనక దిక్కు చూసినోనికే ముందుదిక్కు తెలుస్తది. గీసినంక ఒకసారి తిప్పి చూడుండ్రి." నేను ఇప్పటికీ పిల్లల పరీక్ష పేపరు రాశాక వెనక్కి తిప్పి చూస్తాను. అందులో ఏమీ ఉండదు, అయినా చూస్తాను.

రంగుల విషయంలో ఆయనది పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మల్లన్న కథకు ఆయన గుళ్ళో చల్లే బండారి పసుపు తప్ప ఇంకోటి ఒప్పుకోడు. భజనలకు కాషాయం అంచు, దాని మీద తెల్ల గీత. ఖవ్వాలీకి ఆకుపచ్చ. భీవండి పోయినవాళ్ళ మీద కట్టిన పాటలకు ముదురు నీలం. అదెందుకని అడిగితే, "పొద్దు గూకంగ బస్సు కిటికీలకెల్లి చూస్తే బయట గా రంగే ఉంటది" అన్నాడు. తను భీవండికి పోయింది ఒక్కసారే, మా నాన్న కోసం.

అట్ట తయారయ్యాక పరీక్ష ఉండేది. మా ఎదురింట్లో కళ్ళల్లో పొరలు కమ్మిన ముసలమ్మ ఒకామె ఉండేది. అక్షరం ముక్క రాదు. మామ అట్టను మా గోడకున్న మేకుకు తగిలించి, అవతలి అరుగు మీద కూర్చున్న ఆమెను కేకేసేవాడు. "అవ్వా, గిదేం పాట?" ఆమె చెయ్యి అడ్డం పెట్టుకొని చూసి, "దేవునిది", "లగ్గంది" అనేది. సరిగ్గా చెబితే అట్ట ప్రెస్సుకు పోయేది. ఒకసారి భజన అట్టకు కొత్తదనం కోసమని లేత ఆకుపచ్చ వేశాడు. ముసలమ్మ చాలాసేపు చూసి, "గిది దగ్గు మందు సీస మీది కాయిదం లెక్కున్నది బిడ్డా" అంది. మామ దాన్ని మేకు నుంచి పీకి పొయ్యిలో పెట్టాడు.

"సదువచ్చినోళ్ళు పేరు చదువుకుంటరు. రానోళ్ళు ఏం చూసి కొనాలె? వాళ్ళకు పాటలు వద్దా?" అనేవాడు. షాపుకొచ్చేవాళ్ళలో చదువు రానివాళ్ళే ఎక్కువ. వాళ్ళు ఎవరినీ అడక్కుండా, ఎవరి ముందూ చిన్నబోకుండా నేరుగా తమ పాట మీద చెయ్యి వేయాలన్నది ఆయన పట్టుదల.

ఇదంతా చెప్పింది ఒక్క అట్ట సంగతి చెప్పడానికి.

మా వాడలో బతుకమ్మ ఆడేటప్పుడు అమ్మ మా అరుగు మీద కూర్చొని పాడేది. వీధిలో ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతూ ఆమె పాట అందుకునేవారు. భర్త పోయిన మనిషి పూల దగ్గరికి రావద్దని ఎవరూ నోరు తెరిచి అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. అమ్మకు వచ్చినన్ని పాటలు వాడలో ఎవరికీ రావు, ఆమె లేకుంటే ఆట సాగదు. అయినా పాట అరుగు మీద, ఆట వీధిలో. ఆ నాలుగడుగుల దూరాన్ని నేను చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. చూసీ చూసీ అది గోడలాగా అలవాటైపోయింది.

తొంభైల మొదట్లో ఒక పండుగకు సేటు ఆ పాట విన్నాడు. మరుసటి ఏడు పండుగ నాటికి క్యాసెట్టు వేద్దామన్నాడు. అమ్మనూ ఇంకో నలుగురు ఆడవాళ్ళనూ పట్నం తీసుకుపోయి రికార్డు చేయించాడు. తిరిగి వచ్చాక అమ్మ వారం రోజులు చెవులు మూసే ఆ యంత్రం గురించే చెప్పింది. ఆమెలో అంత సంబరం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ సంబరం అట్ట దగ్గర ఆగింది. సేటు ఒక క్యాలెండరు తెచ్చి మామ ముందు పరిచాడు. అందులో నిండుగా నగలు పెట్టుకొని నవ్వుతున్న ఒక అమ్మాయి ఉంది. ఆమె చేతిలో బతుకమ్మ పెట్టి గీయమన్నాడు. పైన ఆడపడుచుల పాటలు అని రాస్తే చాలన్నాడు.

"పాడినామె పేరు?" అన్నాడు మామ.

సేటు గొంతు తగ్గించాడు. చెడ్డవాడు కాదు, మొహమాటపడ్డాడు. "అన్నా, తప్పుగ అనుకోకు. గిది ముత్తైదువల పండుగ. పేరు పెడితే ఎవరామె అని అడుగుతరు. ఎరుకైతే ఇంట్ల పెట్టుకుంటరా? అక్క పాట బంగారం, నేను కాదంటలేను. గని అమ్మేటోణ్ణి నేను."

లోపల రాట్నం చప్పుడు ఆగింది. దారం తెగలేదని నాకు తెలుసు. కాసేపటికి అమ్మ తలుపు దగ్గరికి వచ్చి, "పేరెందుకు తమ్మీ, పాట పోతే సాలదా" అంది. మామ ఆమె వైపు చూడలేదు.

"సేటూ, గీ ఒక్క అట్ట నా ఇష్టానికి ఇడిసిపెట్టు. పండుగల అమ్ముడు పోకుంటే నేను మళ్ళ నీ షాపు మెట్టు ఎక్క. అట్టలు గీసుడు బందు" అన్నాడు.

మా ఇల్లు ఆ అట్టల మీదే నడుస్తోంది. నా ఫీజు కూడా. నాకు మామ మీద కోపం వచ్చింది. సేటు ఒప్పుకొని, క్యాలెండరు చుట్ట చుట్టుకొని పోయాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు మామ ఏమీ గీయలేదు. టేపురికార్డరు ముందు కూర్చొని క్యాసెట్టు వినడం, అయిపోతే తిప్పి పెట్టడం. అమ్మ పాటలు అమ్మే వినలేక వెనకింట్లోకి పోయేది. పదో రోజు పొద్దున మామ రేకు పెట్టెలోంచి పాత గొల్లభామ కాగితం తీశాడు. పావడా అలాగే ఉంచాడు. చేతిలో కర్ర తీసేశాడు. తల మీది కుండ చెరిపి, ఆ గళ్ళలో పొరలు పొరలుగా బతుకమ్మను పేర్చాడు. తంగేడు పసుపు, పట్టుకుచ్చు పూల ఊదా. తెలుపు కాగితానిదే. అంచు మీద మన చీర అంచులో ఉన్నట్టే చిన్న పూల వరుస. గొల్లభామ పాలకుండ దించి పూలు ఎత్తుకుంది. చూడగానే నా కోపం ఎటు పోయిందో తెలియదు.

సేటు వచ్చి అట్ట అటూ ఇటూ తిప్పాడు. "మొకమేదన్నా? కండ్లేవి? బొట్టేది?"

"నేత బొమ్మకు మొకముంటదా సేటూ? నొసలు కనబడితే గద, బొట్టున్నదా లేదా అని చూసేది. ఇన్నేండ్ల సంది గొల్లభామ చీరలు కడుతున్నరు. గీ బొమ్మ ముత్తైదువనా కాదా అని ఎవరన్న అడిగిన్రా?"

సేటు అట్టను మళ్ళీ ఒకసారి తిప్పి చూశాడు. "మరి పేరో?" అన్నాడు.

"పేరు కొంగు మీద పెట్ట. నీకు భయం కదా. అంచు మీద చిన్నగ పెడుత."

సేటు ఆ సన్న పలక చూసి, సరే పోనీ అన్నాడు. పేర్చిన క్యాసెట్లలో కనబడేది అంచు ఒక్కటేనని మామ తనకు చెప్పిన పాఠం ఆ క్షణంలో ఆయనకు గుర్తు రాలేదు. నేను నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాను. అమ్మ పేరు ఆ పలక మీద రాసింది నేనే. రెండుసార్లు చెడింది. మూడోసారికి కుదిరింది.

ప్రెస్సులో మూడు రంగులకు మించి వేయరు. పసుపు, ఊదా, అక్షరాలకు ఎరుపు. మొదటి నమూనా తీసి ప్రెస్సాయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "అన్నా, కొంగు మీద ఎర్ర మరక పడ్డది. బొమ్మ తల కాడ, గింతంత. గీకేస్త" అన్నాడు.

"ఉండనియ్యి" అన్నాడు మామ.

"మరకనే అన్నా."

"దిష్టి సుక్క అనుకో."

"దిష్టి సుక్క నల్లగుంటది గని ఎర్రగుంటదా?" అని ప్రెస్సాయన నవ్వాడు. మామ కూడా నవ్వాడు, కానీ గీకనివ్వలేదు. మొదటి అట్టలో మనిషిని తిరగేసినవాడు ఈసారి మరక వదిలేశాడని నేను అనుకున్నాను. ఇంటికి వచ్చేటప్పుడు ఆ మాట అని ఏడిపించాను కూడా.

ఎదురింటి ముసలమ్మ పరీక్ష మాత్రం మామూలుగానే జరిగింది. మేకుకున్న అట్ట చూసి ఆమె పేరు చెప్పలేదు. లేచి, చెయ్యి గోడకానిస్తూ వీధి దాటి వచ్చి అట్టను తడిమింది. "గీ చీర నా లగ్గంల పెట్టిన్రు" అంది. మామ అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

పండుగకు పది రోజుల ముందు క్యాసెట్టు షాపుకొచ్చింది. మొదటి రెండు రోజులు ఎవరూ ముట్టలేదు. మామ అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు రాయపోల్ నుంచి వచ్చిన ఆడవాళ్ళు షాపు ముందు నిలబడి, "గా చీర అంచుది ఇయ్యి" అన్నారట. తర్వాత ఇంకెవరో అదే మాట అన్నారు. నాలుగు రోజుల్లో బస్టాండు చుట్టూ అమ్మ గొంతే. సేటు స్వయంగా సైకిలేసుకొని వచ్చి, ఇంకో విడత అట్టలకు చెప్పి పోయాడు. పేరు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. కొంటున్నవాళ్ళూ అడగలేదు.

అడిగినవాళ్ళు పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు వచ్చారు. కోహెడ నుంచి బంధువులింటికి వచ్చిన అయిదారుగురు ఆడవాళ్ళు, వాళ్ళలో ఒక చదువుకుంటున్న పిల్ల. క్యాసెట్టు అంచు మీది పేరు చదువుకుంటూ, ఇల్లు అడుక్కుంటూ మా వాడకు వచ్చారు. వీధిలో ఆట మొదలైంది. అమ్మ ఎప్పటిలాగే అరుగు మీద ఉంది. ఆ కోహెడ వాళ్ళలో పెద్దామె తిన్నగా వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"నీ పాట మీద మా ఊరంత ఆడుతున్నది. నువ్వేంది గీడ కూసున్నవ్?" అని లాగింది.

అమ్మ తెల్లబోయింది. "నేను..." అని ఆగింది. తన మెడా నొసలూ చూడమన్నట్టు చెయ్యి పైకెత్తి, మళ్ళీ దించుకుంది. పెద్దామె అన్నీ చూసింది. చెయ్యి మాత్రం వదల్లేదు. అమ్మ మామ కోసం చూసింది. ఆయన గోడకు ఆనుకొని, సున్నం పెచ్చులు గోకుతూ, ఈ లోకంతో తనకు పనిలేనట్టు నిలబడ్డాడు.

అమ్మ అరుగు దిగింది. నాలుగే అడుగులు. వలయంలో ఎవరో జరిగి జాగ ఇచ్చారు. ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు, అంతకు మించి ఏమీ కాలేదు. ఎన్నేళ్ళో గోడ అనుకున్నది, తీరా చూస్తే ఎవరూ నిలబెట్టిన గోడ కాదు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. మరుసటి ఏడు నుంచి మా వాడవాళ్ళే ముందు అమ్మను పిలిచి ఆట మొదలుపెట్టారు.

క్యాసెట్ల కాలం పోయింది. సేటు షాపు మొబైల్ షాపయింది. మామ దిగులు పడతాడేమోనని మేము అనుకున్నాం గానీ, ఆయన మళ్ళీ చీరల వైపు తిరిగాడు. గొల్లభామను అడిగేవాళ్ళు కొందరు మళ్ళీ వచ్చారు. రెండేళ్ళ కిందట నా బిడ్డ ఫోన్లో పాటల పక్కన వచ్చే చిన్న చిన్న బొమ్మలు చూపించింది. ఆయన ఒక్కొక్కటే వేలితో జరిపి, "గిదేం పాటనో సమజైతలేదు. గిది మాత్రం దేవునిది" అని తీర్పులు చెప్పాడు. తర్వాత నా బిడ్డ ఒక బొమ్మను పెద్దది చేస్తూ పోయింది. పోగా పోగా గళ్ళు కనబడ్డాయి. మామ కళ్ళు మెరిశాయి.

"గిది గళ్ళ కాయిదమే గద బిడ్డా. గిన్నేండ్లు చెప్పలేదేంది నాకు?" అన్నాడు.

అప్పటి నుంచి ఇద్దరూ జట్టు కట్టారు. ఇప్పుడు మా దిక్కు కొత్తగా పాడుతున్న పిల్లల పాటలకు నా బిడ్డ ఫోన్లో వేసే బొమ్మలు గీస్తోంది. గీశాక ఫోను దూరంగా నిలబెట్టి, "అమ్మమ్మా, గిదేం పాట?" అని మా అమ్మను అడుగుతుంది.

మామ పోయిన మూడో రోజు ఆయన రేకు పెట్టె తెరిచాం. గళ్ళ కాగితాలన్నీ వరుసగా ఉన్నాయి, ఒక్కో దానికి దాని అట్ట అంటించి ఉంది. ఒగ్గాయన కాగితం చూసి అందరం నవ్వాం. దాని కిందే అమ్మ పాటలది. ఇన్నేళ్ళుగా అట్ట మాత్రమే చూశాను, కాగితం చూడటం అదే మొదలు. అట్ట మీద ఆవగింజంత ఉన్న బొమ్మ తల ఇక్కడ వేలి గోరంత ఉంది. కాగితమంతా పసుపూ ఊదా. పూల కింద, ముఖం ఉండాల్సిన చోట పైవైపు, సరిగ్గా నడుమ ఒక్క గడి ఎరుపు. పెన్సిలు నాలుగైదు సార్లు ఒత్తి నింపిన ఎరుపు.

నొసలు లేదని సేటు నోరు మూయించిన మనిషి, నొసలు ఎక్కడుందో గడి లెక్కపెట్టి మరీ బొట్టు పెట్టాడు. నేను దాన్ని మరక అన్నాను. ఆయన్ని ఏడిపించాను.

"అమ్మా, గిది..." అన్నాను.

అమ్మ కాగితం చేతిలోకి తీసుకుంది. "నాకెరుకనే బిడ్డా. అచ్చయి వచ్చిన దినమే చూసిన" అంది.

"మరి ఎన్నడు చెప్పలేదేం?"

"వాడు పెట్టిండు, నేను పెట్టుకున్న. చెప్పేదేముంటది?"

ఆమె లేచి కాగితాన్ని కిటికీ చువ్వలకు ఆనించింది, తిరగేసి. వెలుగు గళ్ళలోంచి ఇటు వచ్చింది. వెనక వైపు నుంచి గొల్లభామ మా వైపు తిరిగి నడిచి వస్తున్నట్టు కనబడింది, నెత్తిన పూలు, నొసట ఎర్ర గడి. అమ్మ చూపుడు వేలు ఆ ఒక్క గడి మీద పెట్టి, చాలా చిన్నగా పాట ఎత్తుకుంది. వీధిలోంచి అందుకునేవాళ్ళు లేరు కనుక, రెండో వరుస నేనూ నా బిడ్డా అందుకున్నాం.